బాలానగర్ షెడ్ల కింది నేల: పారిశ్రామిక వాడల మీద 'హిల్ట్' వెనుక కథ

ఫతేనగర్ వంతెన దిగి బాలానగర్ గల్లీల్లోకి మళ్లితే ముందుగా ముక్కుకు తగిలేది కటింగ్ ఆయిల్ వాసన. ఒక షెడ్డులో లేత్ మీద షాఫ్ట్ తిరుగుతుంటుంది. ఆ పని అక్కడితో అయిపోదు. ట్రాలీ ఆటో ఎక్కి రెండు గల్లీల అవతల హీట్ ట్రీట్‌మెంట్‌కు వెళ్తుంది. అక్కణ్ణుంచి గ్రైండింగ్‌కు, ఆ తర్వాత ప్లేటింగ్‌కు. నాలుగు షెడ్లు తిరిగి, మళ్లీ మొదటి షెడ్డుకే వచ్చి, బిల్లు పడుతుంది. జాబ్ వర్క్ మీద, అంటే ఇతరుల ఆర్డర్లకు పని చేసిపెట్టి బతికే చిన్న యజమాని ఎవరిని అడిగినా తన బలం మెషీన్ కన్నా ఈ ఇరుగుపొరుగే అంటాడు.

ఇప్పుడు ఆ ఇరుగుపొరుగు గురించే టెన్షన్. హైదరాబాద్ పారిశ్రామిక భూముల పరివర్తన విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చింది. అందరి నోటా అది 'హిల్ట్'. ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాన్ని ఆనుకొని ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,292 ఎకరాలను బహుళ వినియోగ జోన్లుగా మార్చుకునే వీలు అది కల్పిస్తుంది. బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్, ఉప్పల్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, కాటేదాన్, పటాన్‌చెరు, ఇలా ఊరికి నాలుగు దిక్కులా ఉన్న పేర్లే అన్నీ. షెడ్డు ఉన్న చోట అపార్టుమెంట్లు, ఆఫీసులు, హోటళ్లు, ఆస్పత్రులు, బడులు కట్టుకోవచ్చు. అందుకు భూమి రిజిస్ట్రేషన్ విలువలో కొంత శాతం అభివృద్ధి ప్రభావ రుసుముగా కట్టాలి. 80 అడుగుల కన్నా తక్కువ వెడల్పు రోడ్డు మీద ఉంటే 30 శాతం, 80 అడుగులు, ఆపైన ఉంటే 50 శాతం.

ఈ విధానం ఐదు లక్షల కోట్ల రూపాయల కుంభకోణమని బీఆర్ఎస్ ఆరోపించింది. ప్రభుత్వం కాదంది. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు పడ్డాయి. ఆ గొడవలో కాస్త వెనక్కి తిరిగి చూసినవాళ్లు తక్కువ. అసలు ఈ వాడలు ఎందుకు పుట్టాయో తెలిస్తేనే చిన్న యజమానుల భయం అర్థమవుతుంది.

నిజాం కాలంలోనే, 1929లో, పరిశ్రమలకు పెట్టుబడి ఇవ్వడానికి ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టారు. 1930లలో ఆజామాబాద్ వాడ వచ్చింది. అక్కడ స్థలాలు లీజుకిచ్చారు. ఊరు పెరిగి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా దుకాణాలు, సినిమాహాళ్లు ముంచెత్తాక ఆ లీజుల తగాదా ఎంత ముదిరిందంటే, వాటిని రద్దు చేయడానికీ క్రమబద్ధీకరించడానికీ 1992లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. పరిశ్రమ కోసం ఇచ్చిన భూమి ఖరీదైన నగర భూమిగా మారితే ఏమవుతుందన్న ప్రశ్న హైదరాబాదుకు కొత్తదేమీ కాదు.

అసలు ఊపు 1960లలో వచ్చింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో హెచ్ఏఎల్, హెచ్ఎంటీ, సోవియట్ సాయంతో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్. ఈ పెద్ద ఫ్యాక్టరీలకు బోల్టులు, జిగ్గులు, డైలు, విడిభాగాలు కావాలి. వాటి చుట్టూ చిన్న షెడ్లు మొలిచాయి. 1968లో బాలానగర్‌లోనే కేంద్ర టూల్ డిజైన్ సంస్థ పెట్టారు. అక్కడ శిక్షణ పొందిన కుర్రాళ్లు పక్క గల్లీలోనే పనిలో చేరేవారు. కొన్నాళ్లకు వాళ్లలో కొందరు ఒక పాత లేత్ కొనుక్కొని సొంతంగా మొదలుపెట్టేవారు. మందుల పరిశ్రమదీ అదే దారి. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవారే. 1973లో ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ ఏర్పడ్డాక వాడలు వేసి ప్లాట్లు ఇవ్వడం ఒక పద్ధతిగా సాగింది. ఉపాధి వస్తుందనే ఆ ప్లాట్లు పరిశ్రమలకు ఇచ్చారు.

కాలుష్యం సంగతి దాచడం సరికాదు. పటాన్‌చెరు రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగును విషం చేశాయి, పొలాలు పోయాయి, ఊళ్లు సుప్రీంకోర్టు దాకా పోరాడాయి. అలాంటి ఫ్యాక్టరీలను ఔటర్ అవతలికి పంపాలన్న వాదన అక్కణ్ణుంచే బలపడింది. అది న్యాయమైన వాదనే. కానీ పొగ, రసాయనం లేని టూల్ రూమునూ, విషపు నీళ్లు వదిలే రసాయన రియాక్టరునూ ఒకే గాటన కట్టడం నాకు మింగుడుపడదు.

ఈ మార్పు ఒక్క ప్రభుత్వంతో మొదలైందని చెప్పడమూ తప్పే. ఐటీ పడమర వైపే పోగుపడకుండా 2020లో అప్పటి ప్రభుత్వం 'గ్రిడ్' విధానం తెచ్చింది. ఉప్పల్, నాచారం వైపు పారిశ్రామిక స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకోవడానికి అప్పుడే తలుపు తెరిచింది. 2017లో మియాపూర్ మెట్రో బాలానగర్ మీదుగా పరుగెత్తింది, 2021లో బాలానగర్ ఫ్లైఓవర్ వచ్చింది. షెడ్డు కన్నా దాని కింది నేల విలువ ఎక్కువైపోయింది.

చిన్నవాళ్ల చిక్కు ఇక్కడే ఉంది. ప్లాటు ఒకరిది, మెషీన్ ఇంకొకరిది. ఒక పెద్ద ప్లాటును నాలుగు షెడ్లుగా చేసి అద్దెకిచ్చుకునే యజమానులు చాలామంది. మార్పిడికి దరఖాస్తు పెట్టేది భూమి సొంతదారు. అద్దెకున్నవాడికి తెలిసేది ఖాళీ చేయమన్న రోజునే. సొంత ప్లాటు ఉండి అమ్మడం ఇష్టం లేనివాడికి ఇంకో రకం కష్టం. పక్క ప్లాటులో టవరు లేస్తే పవర్ ప్రెస్ చప్పుడు మీద, రాత్రి షిఫ్టు మీద, గల్లీలో లారీ నిలిపితే దాని మీద ఫిర్యాదులు మొదలవుతాయి. ఆయన అక్కడ ముప్పై ఏళ్లుగా ఉన్నాడన్నది కొత్తగా ఫ్లాట్ కొన్న కుటుంబానికి పట్టదు. నిద్ర పట్టనిది వాళ్లకు మరి. ప్లేటింగ్ షాపు ఒక్కటి మూతపడినా మొదటి షెడ్డులోని షాఫ్ట్ ఎక్కడికో మైళ్ల దూరం వెళ్లి రావాలి.

ముంబై ఇది చూసింది. అక్కడ బట్టల మిల్లు భూముల్లో కొంత ఖాళీ స్థలాలకు, కొంత సామాన్యుల ఇళ్లకు ఇవ్వాలని 1991లో నిబంధన పెట్టారు. 2001లో దాన్ని ఎంతగా సడలించారంటే, ప్రజలకు దక్కాల్సిన వాటా చాలా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. మిల్లుల చోట మాల్స్, టవర్లు వచ్చాయి.

ఔటర్ అవతలికి వెళ్లండని చెప్పడం తేలికే. విమాన భాగాలు చేసే షెడ్డునే తీసుకోండి. మెషీన్ ఎత్తి లారీలో పెడితే సరిపోదు. కొత్త చోట పునాది వేయాలి, లెవెల్ చూడాలి, కొలతలు మళ్లీ సరిచూసుకోవాలి. నాణ్యతా ధ్రువపత్రం ఫలానా చిరునామాకే ఇస్తారు కాబట్టి కొత్త చిరునామాకు మళ్లీ ఆడిట్ జరగాలి. అదయ్యేదాకా కొనేవాళ్లు ఆర్డర్లు ఆపుతారు. చింతల్ నుంచి, జగద్గిరిగుట్ట నుంచి పనికొచ్చే ఫిట్టరు ఔటర్ దాటి వస్తాడో రాడో తెలియదు. బ్యాంకు కిస్తీ మాత్రం ఆ నెలల్లోనూ ఐదో తారీఖుకే వస్తుంది. అది ఎవరు కట్టాలని షెడ్లవాళ్లు అడుగుతున్నారు.