స్లాట్‌లో పట్టింది కదన్నా, మరి పనిచేయదేం?

పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు మార్చుకుంటామని వచ్చేవాళ్లు నాకు వారానికి నలుగురైనా తగులుతారు. కోరిక మంచిదే. ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చేశాక పాత మెషీన్‌కి ఇంకా ఏదైనా చేయాలంటే చేయదగ్గ పని ఇదే. చిక్కు ఎక్కడంటే, ఆ నలుగురిలో ఇద్దరు కార్డు ముందే కొనేసి, జేబులో పెట్టుకుని వస్తారు. ఇంకా కొననివాళ్లకి ఉపయోగపడుతుందనే ఇది రాస్తున్నాను.

అపోహ: స్లాట్‌లో పట్టిన కార్డు ఏదైనా పనిచేస్తుంది.

డబ్బు ఎక్కువ తగలేసేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, ఎం.2 రకం స్లాట్ (కార్డు గుచ్చే చోటు) ఉన్న ల్యాప్‌టాప్. ఇంటెల్ ఏఎక్స్201 కార్డు కొన్నాడు. ఏఎక్స్200 కూడా చూశాడట, కానీ 201 పెద్ద నంబరు కాబట్టి కొత్తదై ఉంటుందనుకున్నాడు. బిగించాడు. చక్కగా పట్టింది, స్క్రూ కూడా సరిపోయింది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో మాత్రం అలాంటిదొకటి ఉన్నట్టే కనబడలేదు. కార్డు పాడైందని వాపసు చేసి ఇంకోటి తెప్పించాడు, మళ్లీ అదే ఏఎక్స్201. అదీ అంతే. ఈలోగా ఎవరో "మదర్‌బోర్డు పోయింది" అని చెప్పారు. రెండు రోజుల్లో ఆన్‌లైన్ పరీక్ష. నా దగ్గరికి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను కార్డు మీది లేబుల్ చూశానంతే, ల్యాప్‌టాప్ మూత కూడా తెరవలేదు. "బోర్డుకి ఏమీ కాలేదు, కూర్చో" అన్నాను.

సంగతి ఇదీ. ఏఎక్స్201 పూర్తి వైఫై కార్డు కాదు. దాంట్లో ఉండేది రేడియో భాగం మాత్రమే. మిగతా సగం ఇంటెల్ కొత్త ప్రాసెసర్ లేదా చిప్‌సెట్ లోపల ఉంటుంది. దీన్ని సీఎన్‌వీఐ అంటారు. ఆ ఏర్పాటు లేని పాత మెషీన్‌లో ఈ కార్డు పెడితే దాంతో మాట్లాడేవాళ్లే ఉండరు. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెట్టినా అంతే. ఏఎక్స్200, ఏఎక్స్210 అలా కాదు, అవి పీసీఐఈ అనే మామూలు దారిలో కంప్యూటర్‌తో మాట్లాడే కార్డులు, వేటికవే పూర్తిగా పనిచేస్తాయి. కానీ వీటన్నిటినీ పక్కపక్కన పెడితే సైజు ఒకటే, స్లాట్‌లో పట్టే తీరూ ఒకటే. చివరి అంకె చూసి గుర్తుపెట్టుకోండి: 201, 211 వద్దు, 200, 210 పర్వాలేదు. అంతకుముందు తరంలో 9560 సీఎన్‌వీఐ, 9260 మామూలుది. దానికి చివరి అంకె లెక్క కుదరదు కాబట్టి విడిగా గుర్తుంచుకోవాల్సిందే.

దీనికి తిరుగుడు కేసు కూడా ఉంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన కార్డే సీఎన్‌వీఐ అయితే, దాని స్థానంలో మామూలు పీసీఐఈ కార్డు పెడితే చాలా మెషీన్లలో పనిచేస్తుంది, కొన్నింటిలో చేయదు. ఆ స్లాట్‌కి పీసీఐఈ లైన్లు లాగారా లేదా అన్నది బోర్డు తయారుచేసినవాడి ఇష్టం. అదే మోడల్ వాడేవాళ్లు ఎవరైనా మార్చారేమో వెతికి చూసుకున్నాకే కొనండి.

ఇంతకీ కుర్రాడికి ఏఎక్స్200 వేశాను. పది నిమిషాల పని. పరీక్ష ఎలా రాశాడో చెప్పలేదు కానీ, నెట్ మాత్రం ఆగలేదన్నాడు.

స్లాట్‌లో పట్టినా పనిచేయకపోవడానికి రెండో కారణం బయోస్, అంటే విండోస్ కంటే ముందు మెషీన్‌ని లేపే బోర్డులోని ప్రోగ్రామ్. కొన్ని కంపెనీలు పాత మోడళ్ల బయోస్‌లో తాము అనుమతించిన వైఫై కార్డుల జాబితా పెట్టాయి. మేం దాన్ని వైట్‌లిస్ట్ అంటాం. జాబితాలో లేని కార్డు కనబడితే మెషీన్ బూటే అవదు. నల్ల స్క్రీన్, దాని మీద "అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు, తీసేయండి" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు లైను. పని నేర్చుకునే రోజుల్లో ఇది నాకే జరిగింది. కస్టమర్ పక్కన నిలబడి చూస్తుండగా ఆ లైను వచ్చేసరికి చెమటలు పట్టాయి. కార్డు తీసేశాక మామూలుగా బూట్ అయింది, అప్పుడుగానీ ఊపిరి పీల్చుకోలేదు. కాబట్టి ఆ మెసేజ్ చూసి టెన్షన్ పడకండి, మీరేమీ కాల్చేయలేదు. అలాగని వైట్‌లిస్ట్ తీసేసిన బయోస్ ఎక్కడో దొరికిందని దించి ఫ్లాష్ చేయకండి, అంటే ఉన్న బయోస్ స్థానంలో ఎక్కించకండి. మధ్యలో కరెంటు పోయినా, ఫైలు తేడా అయినా, వైఫై కోసం వెళ్లి ల్యాప్‌టాప్‌నే పోగొట్టుకుంటారు. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఏయే కార్డులు వాడొచ్చో ఉంటుంది. వాటిలో ఉన్నంతలో మంచిది తీసుకోవచ్చు, లేదా యూఎస్‌బీ డాంగిల్‌తో (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న వైఫై పరికరం) సరిపెట్టుకోవచ్చు.

మూడోది స్లాట్ రకం. సుమారు 2013కి ముందువి చాలావరకు మినీ పీసీఐఈ, ఆ తర్వాత మెల్లగా ఎం.2 వచ్చింది. ఒకే చిప్ రెండు రూపాల్లోనూ దొరుకుతుంది. ఉదాహరణకి ఇంటెల్ 7260లో చివర హెచ్ఎండబ్ల్యూ అని ఉంటే మినీ పీసీఐఈ, ఎన్‌జీడబ్ల్యూ అని ఉంటే ఎం.2. ఇక సన్నటి ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో వైఫై చిప్‌ని బోర్డుకే టంకం వేసేస్తారు, అక్కడ మార్చడానికేమీ ఉండదు. వెనక మూత తీసి, ఉన్న కార్డుని ఒక ఫొటో తీసుకోండి. కొనడం ఆ తర్వాత. (మూత తీసినప్పుడు బ్యాటరీ కనెక్టర్ పీకడం మర్చిపోవద్దు. ఛార్జర్ తీసేస్తే చాలనుకునేవాళ్లు ఎక్కువ.)

అపోహ: కొత్త కార్డు వేస్తే సిగ్నల్ గోడలు దాటి వస్తుంది.

సిగ్నల్ పట్టేది యాంటెన్నా. అది చాలా ల్యాప్‌టాప్‌లలో స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేములో ఉంటుంది. అక్కడినుంచి సన్నటి వైరు కీలు గుండా కిందికి, కార్డు దాకా వస్తుంది. కీలు రిపేరు చేయించాకో, స్క్రీన్ మార్చాకో సిగ్నల్ పడిపోయిందంటే నేను ముందు ఆ వైరు నలిగిందేమో చూస్తాను. ఎన్నో సార్లు కార్డుకి ఏ పాపం తెలియదు. పైగా కొన్ని చవక మోడళ్లలో ఒకే యాంటెన్నా ఉంటుంది. రెండు యాంటెన్నాల కార్డు వేసి ఒక్క వైరే తగిలిస్తే దాని సత్తా సగానికి పడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌కి మాత్రమే చేసిన యాంటెన్నా అయితే 5 గిగాహెర్ట్జ్‌లో నీరసంగానే ఉంటుంది (ఈ రెండూ వైఫై నడిచే బ్యాండ్లు).

వైరు కొసన ఉండే కనెక్టర్ సంగతి కూడా. మినీ పీసీఐఈ కార్డుల మీద ఉండేది యూ.ఎఫ్ఎల్ రకం, ఎం.2 కార్డుల మీద ఉండేది అంతకంటే చిన్నది, ఎంహెచ్ఎఫ్4. ఒకదాని వైరు ఇంకోదాని మీద పట్టదు. అడాప్టర్ బోర్డుతో ఎం.2 కార్డుని పాత స్లాట్‌లో పెట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. మధ్యలో చిన్న మార్పిడి వైరు కావాలి. ఈ కనెక్టర్లు సుమారు 30 సార్లు తీసి పెట్టడానికి మాత్రమే తయారయ్యాయి. నిటారుగా వేలితో నొక్కితే టిక్‌మని పడుతుంది. పక్కకి వంచి నొక్కితే కార్డు మీద ఉన్న సాకెట్టే ఊడొస్తుంది, అలా ఊడినవి నా డబ్బాలో బోలెడున్నాయి. ఏ వైరు ఏ సాకెట్‌దో కూడా రంగుని నమ్మకుండా, పీకేముందు ఫొటో తీసుకోండి. రంగుల పద్ధతి కంపెనీకో రకంగా ఉంటుంది.

అపోహ: కార్డు మారిస్తే ఇంటర్నెట్ వేగం పదింతలు.

మీ ప్లాన్ 40 ఎంబీపీఎస్ అయి, ఇప్పుడు 35 వస్తుంటే, ప్రపంచంలో ఏ కార్డూ మీకు ఉపయోగపడదు. అదే మీ ప్లాన్ 200 అయి, ల్యాప్‌టాప్‌లో 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పట్టే ఒంటి యాంటెన్నా కార్డు ఉంటే, దాని లింక్ వేగం 72, మహా అయితే 150 చూపిస్తుంది. చేతికొచ్చేది అందులో సగం. అక్కడ కార్డు మారిస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఫోన్‌లో కనబడి ల్యాప్‌టాప్‌లో కనబడకపోతే, మీరు ఈ రెండో రకం.

అపోహ: బ్లూటూత్ కూడా దానంతటదే వచ్చేస్తుంది.

వైఫై నడిచేది పీసీఐఈ మీద. అదే కార్డులోని బ్లూటూత్ మాత్రం స్లాట్‌లోని యూఎస్‌బీ లైన్ల మీద నడుస్తుంది. బ్లూటూత్‌కి వేరే మాడ్యూల్ పెట్టిన పాత మెషీన్లలో ఆ లైన్లు ఉండకపోవచ్చు. ఇంకొన్ని మినీ పీసీఐఈ మెషీన్లలో కార్డు 51వ పిన్ మీద సన్నటి టేపు అంటిస్తే బ్లూటూత్ లేస్తుంది. వింటే నాటువైద్యంలా ఉంటుంది కానీ, నేనే చేశాను.

మిగతావి గబగబా. విండోస్ మళ్లీ వేయక్కర్లేదు. ఫైళ్లు పోవు, అవి ఉండేది డిస్కులో. కొత్త కార్డు రేడియేషన్ ఎక్కువన్నది ఉత్తి పుకారు, వైఫై రేడియో పవర్‌కి పరిమితులు చట్టంలోనే ఉంటాయి, పాతదైనా కొత్తదైనా. యూఎస్‌బీ డాంగిల్ పనికిరాదన్నదీ తప్పే, 5 గిగాహెర్ట్జ్ పట్టేది తీసుకుంటే చాలామందికి అదే సులువు.

డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) మాత్రం కార్డు మార్చకముందే దించి పెట్టుకోండి. మార్చాక దించుదామంటే నెట్ ఉండదు కదా! నవ్వొస్తుంది కానీ దీనికోసమే ఫోన్ చేసేవాళ్లున్నారు. (ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోమంటాను.) ఏఎక్స్200, ఏఎక్స్210లకి ఇంటెల్ డ్రైవర్లు 64 బిట్ విండోస్ 10 నుంచే. విండోస్ 7 మీద ఉన్నవాళ్లు వాటి జోలికి వెళ్లకండి. లినక్స్ అయితే ఏఎక్స్200కి కెర్నల్ 5.1, ఏఎక్స్210కి 5.10 లేదా ఆ పైది కావాలి.

మొన్న ఒకావిడకి మార్చి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. "ఇంట్లో బాగానే వచ్చిందండీ, ఆఫీసులో కనెక్టే అవట్లేదు. కార్డు పోయినట్టుంది." గొంతులో కంగారు తెలుస్తోంది. కార్డు మారితే మ్యాక్ అడ్రస్ (ప్రతి కార్డుకీ ఉండే గుర్తింపు నంబరు) మారుతుంది, వాళ్ల ఆఫీసు నెట్‌వర్క్ నమోదు చేసిన అడ్రస్‌లనే లోపలికి రానిస్తుంది. కొత్త అడ్రస్ ఎక్కడ కనబడుతుందో చెప్పి, వాళ్ల ఐటీ వాళ్లకి పంపమన్నాను. మధ్యాహ్నానికి కనెక్ట్ అయిందని మెసేజ్ పెట్టారు.