యాభై రూపాయల చట్టం, తిరుపతి వీధులు

తిరుపతిలో మూగజీవాల మీద వచ్చే ఫిర్యాదు పేటను బట్టి మారుతుంది. మార్కెట్ల దగ్గరైతే ప్లాస్టిక్ కవర్లు నమిలే ఆవులు. ఇళ్ల మధ్య వీధుల్లో కుక్కలకు అన్నం పెట్టేవాళ్లకూ, పిల్లల్ని బడికి పంపేవాళ్లకూ రోజూ గొడవ. అపార్ట్‌మెంట్లలో ఇంకో రకం: ఇంటివాళ్లు ఊరెళ్తే బాల్కనీలో కట్టేసిన కుక్క రాత్రంతా ఏడుస్తుంది, పక్కింటివాళ్లకు నిద్రుండదు. వీటిని వినాల్సింది పోలీసులా, కార్పొరేషనా, పశుసంవర్ధక శాఖా అన్నది మాత్రం ఏ పేటలోనూ తేలదు.

ఈ అయోమయం కొత్తది కాదు. 1886లో తిరుపతి మున్సిపాలిటీ అయ్యేనాటికే దేశంలో పశువుల మీద ఒక చట్టం ఉంది, 1871 నాటిది. బందెలదొడ్డి నడిచింది దాని కిందే. పైరులో పడిన గొడ్డును తోలుకొచ్చి దొడ్లో పెట్టేవారు. యజమాని బందె, అంటే జరిమానా కట్టి, మేత ఖర్చు ఇచ్చి విడిపించుకునేవాడు. గొడ్డు పస్తులుందా అని కాదు, పైరు పోయిందా అన్నదే ఆ చట్టం బాధ. ఊరి చుట్టూ ఉన్న పొలాలు తర్వాత ప్లాట్లయ్యాయి. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ఆవు తప్పిపోయి వచ్చింది కాదు, చాలాసార్లు దానికి యజమాని ఉంటాడు. పొద్దున పాలు పిండుకుని వదిలేస్తాడు, సాయంత్రానికి అదే ఇల్లు చేరుతుంది. మధ్యలో అది ఏం తిన్నదో ఆయనకు పట్టదు.

జంతువు పడే బాధను నేరంగా చూసిన కేంద్ర చట్టం 1890లో వచ్చింది. అది చాలదని రాజ్యసభలో పట్టుబట్టినవారు నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. ఆమె సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే సమగ్రమైన చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాక వెనక్కి తీసుకున్నారు. అలా వచ్చిందే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1962లో మద్రాసులో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు కూడా ఆమే.

చట్టం మంచిదే, జరిమానాలే అప్పటి దగ్గర ఆగిపోయాయి. కొట్టినా, తిండి పెట్టకపోయినా, పొట్టి గొలుసుతో కట్టేసినా మొదటిసారి 10 నుంచి 50 రూపాయలు. ఇప్పుడు ఆ డబ్బుతో లీలామహల్ సర్కిల్లో కడుపునిండా టిఫిన్ కూడా రాదు. పైగా వీటిలో ఎక్కువ నేరాలకు పోలీసులు నేరుగా కేసు కట్టలేరు, మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. స్టేషన్‌కెళ్లినవాళ్లు "సర్దుకోండి" అన్న మాట విని తిరిగొచ్చేది ఇందుకే.

బండి లాగే పశువులకు 1965లో నియమాలు వచ్చాయి. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటితే మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదు. మే నెల తిరుపతిలో ఈ లెక్క పాటిస్తే మధ్యాహ్నం బండే కదలదు.

పాత శిక్షాస్మృతిలో జంతువును చంపడం నేరమే గానీ, ఆవు, గుర్రం లాంటివి కాకపోతే దానికి కనీసం 10 రూపాయలో 50 రూపాయలో ఖరీదు ఉండాలి. వీధికుక్కకు ఖరీదు కట్టేదెవరు? దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత 325వ సెక్షన్ ఆ ఖరీదు లెక్క తీసేసింది. ఏ జంతువుకు విషం పెట్టినా, చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు. బాల్కనీలో ఆకలితో ఉన్న కుక్కకు మాత్రం ఇంకా ఆ యాభై రూపాయల చట్టమే గతి.

వీధికుక్కల సంగతి 2001లో మారింది. అంతకుముందు మున్సిపాలిటీలు కుక్కల్ని చంపేవి. కొత్త నియమాల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2023 నియమాలదీ ఇదే దారి. "పట్టుకెళ్లి మళ్లీ ఇక్కడే వదిలారేంటి?" అని సిబ్బంది మీద అరుస్తుంటారు గానీ, వాళ్లు పాటించింది రూలే. 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని కుక్కల్ని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దంది. రోజూ వేలమంది యాత్రికులు దిగే ఊరికి ఇది చిన్న పని కాదు.

2025 ఏప్రిల్‌లో టీటీడీ గోశాలలో ఆవులు చనిపోయాయన్న ఆరోపణలూ, వాటిని టీటీడీ ఖండించడమూ రాష్ట్రమంతా మార్మోగాయి. ఆ హడావిడిలో రోడ్డు మీది ఆవు ఊసు పెద్దగా వినపడలేదు.

1955 నుంచి పశువైద్య కళాశాల, 2005 నుంచి పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది. దెబ్బ తగిలిన జంతువుకు వైద్యం చెప్పేవాళ్లకు ఇక్కడ కొదవలేదు. దెబ్బ కొట్టినవాడి జరిమానా పెంచే ముసాయిదాను కేంద్రం 2022 నవంబరులో బయటపెట్టింది. అది ఇంకా చట్టం కాలేదు.