అంగన్‌వాడీలో చదువు ఎందుకు వెనకబడింది?

ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ప్రీప్రైమరీ తరగతులు తెరుస్తామనగానే తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్లు తమ కేంద్రాలు ఖాళీ అవుతాయని ఆందోళనకు దిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్ నాటి జీవో 117 అంగన్‌వాడీలను పీపీ-1, పీపీ-2 (రెండేళ్ల ప్రీప్రైమరీ తరగతులు) పేరుతో బడి వ్యవస్థలో కలిపింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ జీవోను పక్కన పెట్టింది. 2025 సెప్టెంబరులో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ, విద్యాశాఖ కలిసి అంగన్‌వాడీలను ప్రాథమిక బడుల ఆవరణలోకి చేర్చడంపై మార్గదర్శకాలు విడుదల చేశాయి. ఈ మూడింటి వెనకా ఒకటే పేచీ: మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువు ఎవరి బాధ్యత? యాభై ఏళ్లుగా ఇది తేలలేదంటే నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. అంగన్‌వాడీకి డబ్బు, సమయం, చట్టం మూడూ అన్నం పెట్టడం చుట్టూ అమరాయి. చదువు మిగిలిన జాగాలో సర్దుకుంది.

1944లో సార్జెంట్ నివేదిక దేశంలో పది లక్షల మంది పిల్లలకు ఉచిత నర్సరీ చదువు ఉండాలంది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పనిని ప్రభుత్వం చాలావరకు స్వచ్ఛంద సంస్థల బాలవాడీలకే వదిలేసింది. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిర్ తెరిచిన గిజూభాయి బధేకా, ఆయన దగ్గర పనిచేసి తర్వాత మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పేదల వాడలకే బడిని తీసుకెళ్లిన తారాబాయి మోడక్ వేసిన దారి అది. వాళ్లకు చిన్నపిల్లల బడి అంటే ముందు ఆట, పాట, మాట. 1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన వచ్చిన నివేదిక తిండి, ఆరోగ్యం, చదువు మూడూ ఒకేచోట అందాలని చెప్పింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైంది.

పథకం ఆరు సేవలు పెట్టుకుంది: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ-ఆరోగ్య పాఠాలు, పూర్వ ప్రాథమిక విద్య. టీకాలు, పరీక్షలు, ఆసుపత్రికి పంపడం ప్రధానంగా ఆరోగ్యశాఖ పని. మిగతా మూడూ అంగన్‌వాడీ కార్యకర్త, అంటే టీచర్ నెత్తిన పడ్డాయి. వాటిలో లెక్కకు దొరికేది తిండి ఒక్కటే. ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎన్ని ఉడికాయి, ఎన్ని మిగిలాయి అని సూపర్‌వైజర్ రిజిస్టర్ చూసి చెప్పగలదు. పిల్లవాడికి ఈ నెల కొత్తగా ఎన్ని మాటలు వచ్చాయో చెప్పే కాలమ్ ఆ రిజిస్టర్‌లో లేదు.

ఖర్చు లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టం. పోషకాహారానికి పిల్లకు రోజుకు ఇచ్చే మొత్తం 2008లో 4 రూపాయలు, 2012లో 6, 2017లో 8 అయింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లకు ఆ డబ్బుతో ఏడాదికి 300 రోజులు పోషకాహారం అందాలి. కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరిస్తాయి. ఒక్క గుడ్డుకే ఎనిమిది రూపాయల్లో చాలా భాగం పోతుంది కాబట్టి గుడ్డు, పాలు ఇచ్చే తెలుగు రాష్ట్రాలు పైన సొంత డబ్బు వేసుకోక తప్పదు. ఇక ఆటవస్తువులు, బొమ్మల కార్డులు, పూసలు, చెక్క ముక్కల కిట్‌కు ఒక్కో అంగన్‌వాడీకి ఏడాదికి 5,000 రూపాయలు. ఇరవై మంది పిల్లలున్న చోట తిండికి 48,000, ఆటవస్తువులకు 5,000. తలకు లెక్కేస్తే 2,400కి 250. తిండి ఎక్కువైందని కాదు, అదీ చాలదు. కానీ చదువు నాణ్యత గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ 250 చూడాలి.

కార్యకర్త జీతం కథా అంతే. అది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. 1975లో మెట్రిక్ పాసైన వారికి 150, కాని వారికి 100 రూపాయలు. 2018 అక్టోబరులో కేంద్రం దాన్ని 4,500 చేసింది. అందులో 60 శాతం, అంటే 2,700, కేంద్రం వాటా. మిగతాది రాష్ట్రం భరిస్తూ పైన కలుపుకుంటుంది. అలా కలిపితేనే ఆంధ్రప్రదేశ్‌లో 11,500, తెలంగాణలో 13,650 అయ్యాయి. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించింది. విచిత్రమేమిటంటే అత్యవసర సేవ అని చట్టం తెచ్చి చెప్పినవాళ్లే వేతనం దగ్గర స్వచ్ఛంద సేవ అంటారు. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కార్యకర్తల కేసులో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని తేల్చింది.

చట్టం వైపు చూస్తే, తిండి కోసం పోరాటం గెలిచింది. పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రతి ఆవాసంలోనూ అంగన్‌వాడీ ఉండాలంది. 2004లో ఆహార సరఫరాకు కాంట్రాక్టర్లు వద్దంది. 2006 డిసెంబరు 13న, 2008 ఆఖరుకల్లా దేశంలో 14 లక్షల కేంద్రాలు ఉండాలని గడువు పెట్టింది. 2013 ఆహార భద్రతా చట్టంతో అంగన్‌వాడీ భోజనం చట్టబద్ధమైన హక్కు అయింది. చదువుకు ఆ బలం రాలేదు. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల వారికి చదువును ప్రాథమిక హక్కు చేసి, ఆరేళ్ల లోపు వారిని 45వ అధికరణలో, అంటే కోర్టుకెళ్లి అడిగే వీల్లేని ఆదేశిక సూత్రాల్లో ఉంచింది. విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ పూర్వ ప్రాథమిక విద్యను ప్రభుత్వాల ఇష్టానికి వదిలింది. గుడ్డు రాకపోతే హక్కుగా నిలదీయొచ్చు. ఆటపాటలు జరగకపోతే నిలదీయడానికి సెక్షన్ లేదు.

ప్రమాణాలు లేక కాదు. 2013 జాతీయ విధానం వెంట వచ్చిన ప్రమాణాల ప్రకారం 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, అంటే సుమారు 375 చదరపు అడుగులు, బయట 30 చదరపు మీటర్ల ఆటస్థలం ఉండాలి. మూడేళ్లు దాటిన ఇరవై మందికి ఒక పెద్ద మనిషి, రోజుకు మూడు నాలుగు గంటల కార్యక్రమం, తల్లిభాషలో బోధన, వంటకు వేరే చోటు, పిల్లల ఎత్తుకు తగ్గ మరుగుదొడ్డి. పట్టణాల్లో అద్దె గదిలో నడిచే కేంద్రంలో బియ్యం బస్తాలు, గ్యాస్ బండ, బరువు యంత్రం పెట్టాక పిల్లలకు మిగిలే జాగా ఎంతో లోపలికి అడుగుపెడితే తెలిసిపోతుంది. పైగా ఇరవైకి ఒకరు అన్న నిష్పత్తి, ఆ ఒకరు గదిలో ఉంటేనే నిష్పత్తి.

ఉండరు. పొద్దున హాజరు వేసి, పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి. ఈ యాప్ 2021 మార్చిలో వచ్చింది. ఇంటికిచ్చే రేషన్‌కు 2025 జూలై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. సిగ్నల్ లేకపోతే బాలామృతం ప్యాకెట్ కోసం వచ్చిన తల్లి గుమ్మంలో నిలబడే ఉంటుంది. రెండేళ్ల లోపు పిల్లల పొడవును పడుకోబెట్టి కొలవాలి. ఒకరు తల, ఒకరు కాళ్లు పట్టుకోవాలి, కాబట్టి ఆయా వంట వదిలి రావాల్సిందే. ఆపైన ఇళ్ల సందర్శన, గ్రామ ఆరోగ్య పోషకాహార దినం, కొన్నిచోట్ల ఓటర్ల జాబితా పని. ఇవన్నీ పోగా మిగిలిన ముప్పావుగంటలో మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు ఒకే చాప మీద ఉంటారు. మూడేళ్ల వాడికి చెక్క ముక్కలు పేర్చడం, నాలుగేళ్ల పిల్లకు రంగు, ఆకారం చూసి విడదీయడం, ఐదేళ్ల వాడికి మాటలో మొదటి శబ్దం పట్టుకోవడం కావాలి. ముగ్గురికీ సర్దలేక బోర్డు మీద అ ఆ రాసి అందరిచేతా ఒకేసారి అనిపించేస్తారు. మూడేళ్ల పిల్లకు పలక ఇస్తే బలపాన్ని పిడికిలితో పట్టుకుంటుంది. వేళ్లలో ఇంకా పట్టు రాలేదన్నమాట. అప్పుడు కావలసింది పూసలు గుచ్చడం, కాగితం చింపడం, మట్టి పిసకడం. తల్లిదండ్రులు మాత్రం ఇంటికి వచ్చిన పలక మీద ఏముందో చూస్తారు.

పిల్లలు జారిపోయేది అక్కడే. గ్రామాల్లో మూడేళ్ల పిల్లల నమోదు పెరుగుతోంది. ఏదో ఒక ప్రీస్కూల్‌లో ఉన్నవాళ్లు 2018లో 68.1 శాతమైతే 2024కి 77.4 శాతమని గ్రామీణ పిల్లల చదువుపై జరిగే అసర్ సర్వే చెప్పింది. నాలుగో ఏడు వచ్చేసరికి ఊళ్లోకి ప్రైవేటు బడి వ్యాన్ వస్తుంది, ఎల్‌కేజీ వస్తుంది. అక్కడా పద్ధతి మెరుగు కాదు, అదే బట్టీ ఇంగ్లిష్‌లో. కానీ టై, డైరీ, హోంవర్క్ ఉంటాయి. వెళ్లిపోయిన పిల్లల పేర్లు కొన్నిచోట్ల అంగన్‌వాడీ రిజిస్టర్‌లో అలాగే కొనసాగడంతో కాగితం మీద సంఖ్యకూ చాప మీద కూర్చున్న తలలకూ పొంతన ఉండదు.

ఏది పనిచేస్తుందో తెలియదనడానికీ వీల్లేదు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు తమిళనాడులో అంగన్‌వాడీకి చదువు కోసం మాత్రమే అదనంగా ఒక సగం పూట మనిషిని ఇచ్చి చూశారు. బోధనా సమయం రెట్టింపయింది. పిల్లల లెక్కలు, భాష మెరుగుపడ్డాయి. పాత కార్యకర్తకు తీరిక దొరికి తీవ్ర పోషణ లోపం కూడా తగ్గింది. కేంద్రం 2023 మేలో మొదలుపెట్టిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ రోజుకు రెండు గంటల చదువు, కార్యకర్తలకు శిక్షణ, 2024లో ‘ఆధారశిల’ పేరుతో 48 వారాల పాఠ్యప్రణాళిక ఇచ్చింది. ప్రణాళిక బాగుంది. రెండో మనిషిని ఇవ్వలేదు.

ఇప్పుడు ముందున్నది వయసు సమస్య. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతి ఆరేళ్లకంటోంది. తెలుగు రాష్ట్రాల్లో ఐదేళ్లు నిండితే చేర్చుకుంటున్నారు. కేంద్రం మాట అమలైతే ఐదేళ్లు నిండిన పిల్లలంతా ఇంకో ఏడాది పూర్వ ప్రాథమికంలోనే ఉండాలి. వాళ్లు అంగన్‌వాడీలో ఉంటే ఆ గదికి, ఆ కిట్‌కు, ఆ ఒక్క టీచర్‌కు ఇంకో బ్యాచ్ తోడవుతుంది. ప్రభుత్వ బడిలోని ప్రీప్రైమరీకి వెళ్తే గుడ్డు, పాలు ఏ శాఖ పద్దులోంచి ఇవ్వాలన్న లెక్క మొదటికొస్తుంది. రెండూ కాకపోతే వ్యాన్ ఎలాగూ ఉంది.