నష్టపు బేరం: మంటో నల్ల అంచుల వెనక కథ

ఇద్దరు స్నేహితులు పదీ ఇరవై మంది అమ్మాయిల్లోంచి ఒకర్ని ఏరుకుని 42 రూపాయలకు కొన్నారు. రాత్రి గడిచాక వాళ్లలో ఒకడు ఆ పిల్ల పేరడిగాడు. వినగానే ఒళ్లు మండింది. అవతలి మతం పిల్లని చెప్పి తమ మతం పిల్లనే అంటగట్టారు! పద, తిరిగిచ్చేసి వద్దాం అన్నాడు రెండోవాడితో. కథ అంతే. పేరు ‘నష్టపు బేరం’.

ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో 1948లో వేసిన ‘సియాహ్ హాషియే’లో ఇలాంటివి 32. పేరుకి అర్థం నల్ల అంచులు. పత్రికలు చావు కబురు చుట్టూ గీసే నల్లగీత ఉంటుందే, అది.

బొంబాయిలో సినిమాలకు రాసుకుంటున్న మంటో ఆ ఏడాది జనవరిలో లాహోర్ చేరాడు. అప్పటికే దేశ విభజనతో పంజాబ్ భారత్, పాకిస్తాన్‌ల మధ్య రెండు ముక్కలైంది. కోటికి పైగా జనం ఇల్లూవాకిలీ వదిలారు. చచ్చిపోయినవాళ్ల లెక్క ఎవరి పుస్తకంలో చూస్తే వారిది: రెండు లక్షల దగ్గర మొదలై పది లక్షలు దాటుతుంది. కొన్నాళ్లు మంటోకి కలం కదల్లేదు. కదిలాక వచ్చినవి ఈ తునకలు.

కొత్త రకంగా చెప్పాలని చూసింది మంటో ఒక్కడే కాదు. మరో ఉర్దూ రచయిత కృషన్ చందర్ కథ ‘పెషావర్ ఎక్స్‌ప్రెస్’లో రైలే కథ చెబుతుంది. రెండు వైపుల హత్యల్నీ లెక్క తప్పకుండా చూపించి, ఇకమీదట తిండిగింజలు మోయాలని కోరుకుంటుంది. పద్ధతి కొత్తదే కానీ చివర్లో మన కన్నీళ్లు తుడిచి మరీ పంపిస్తుంది. మంటో ఆ రుమాలు ఇవ్వలేదు. చాలా తునకల్లో చంపినవాడి మతం కూడా చెప్పలేదు.

అభ్యుదయ రచయితలకు కోపం వచ్చింది. శవాల జేబుల్లోంచి సిగరెట్ ముక్కలు, ఉంగరాలు ఏరుకుంటున్నాడన్నారు. పైగా ముందుమాట రాసింది వాళ్లకు గిట్టని విమర్శకుడు హసన్ అస్కరీ. అసలు మంట అక్కడే ఎక్కువని నాకనిపిస్తుంది.

ఇంతకీ ‘తిరిగిచ్చేయడం’ మంటో కల్పనా? రెండు వైపులా ఎత్తుకుపోయిన ఆడవాళ్లు సుమారు 75 వేల మంది అని ఒక అంచనా. వాళ్లను వెతికి అటూ ఇటూ అప్పగించుకుందామని రెండు ప్రభుత్వాలూ 1947 డిసెంబరులోనే ఒప్పుకున్నాయి. 1949లో భారత్ చట్టమే చేసింది. ఎవరు ఎక్కడికి పోవాలో మతాన్ని బట్టి తేలేది. నువ్వు వెళ్తావా అని ఆ మనిషిని అడగాల్సిన పని చట్టంలో లేదు. మంటో 1955 జనవరిలో పోయాడు. ఆ చట్టం 1957 దాకా నడిచింది.