అపోహలు - వాస్తవాలు: నిద్ర తప్పితే ఆకలీ దారి తప్పుతుంది

నేను నిద్ర సమస్యలకు వైద్యం చేసే డాక్టర్‌ని. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ముందుగా చెప్పేది నిద్ర సంగతి కాదు. "ఎంత కడుపు మాడ్చుకున్నా బరువు తగ్గట్లేదు" అంటారు. "మధ్యాహ్నం అయ్యేసరికి నిస్సత్తువ వచ్చేస్తోంది" అంటారు. "రాత్రి పది దాటాక ఏదో ఒకటి నమలకపోతే ఉండలేకపోతున్నా, నోరు కట్టుకోవడం నా వల్ల కావట్లేదు" అనేవాళ్లయితే తల దించుకుని అంటారు, నేరం ఒప్పుకుంటున్నట్టు. అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. ఎవరో చెప్పిన తప్పు మాటలు నమ్మి తమను తాము నిందించుకుంటున్నారు.

నా గదిలో రోజూ వినబడే అలాంటి మాటలు కొన్ని ఇక్కడ చెబుతాను.

అపోహ: "ఎక్కువ తింటున్నానంటే నాకు నిగ్రహం లేదన్నట్టే."

వాస్తవం: ఆకలి మన ఆజ్ఞ మీద నడిచేది కాదు. కడుపులో తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోన్ ఆకలి పుట్టిస్తుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ ఇక చాలని మెదడుకు చెబుతుంది. 2004లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకుల్ని ఒక విడత రెండు రాత్రులు 4 గంటల చొప్పున, ఇంకో విడత రెండు రాత్రులు 10 గంటల చొప్పున పడుకోనిచ్చి రక్తపరీక్షలు చేశారు. నిద్ర తగ్గిన విడతలో లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. మనసు తీపి మీదికి, ఉప్పటి చిరుతిళ్ల మీదికి, పిండిపదార్థాల మీదికి పోయింది. ఇది చిన్న ప్రయోగం. ఈ హార్మోన్ల లెక్క తర్వాతి పరిశోధనలన్నిట్లో ఒకేలా రాలేదు. అయితే నిద్ర తగ్గినవాళ్లు ఎక్కువ తింటారన్నది మాత్రం మళ్లీ మళ్లీ కనబడింది.

నాకు అంతకన్నా నచ్చిన ప్రయోగం 2022లో వచ్చింది. కాస్త బరువు ఎక్కువగా ఉండి, రోజూ ఆరున్నర గంటలకన్నా తక్కువ నిద్రపోయే 80 మందిని తీసుకున్నారు. వాళ్లలో సగం మందికి నిద్ర పెంచుకునే పద్ధతులు చెప్పి ఇళ్లకు పంపారు. తిండి గురించి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. రెండు వారాల్లో వాళ్ల నిద్ర రోజుకు గంటకు పైగా పెరిగింది. మిగతా సగంతో పోలిస్తే తిండి రోజుకు దాదాపు 270 కేలరీలు తగ్గింది. ఎవరూ నోరు కట్టుకోలేదు. కంటినిండా నిద్ర పట్టాక ఆకలే అదుపులోకి వచ్చింది.

తిండి రకానికీ ఇందులో పెద్ద పాత్రే ఉంది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 20 మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వచ్చే తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. పళ్లెంలో పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండిట్లోనూ సమానం. తినగలిగినంత తినమన్నారు. ప్యాకెట్ తిండి తిన్నప్పుడు రోజుకు 500 కేలరీల దాకా అదనంగా తిన్నారు, దాదాపు కిలో పెరిగారు. మామూలు తిండికి మారితే దాదాపు అంతే తగ్గారు. మనుషులు వాళ్లే, వాళ్ల నిగ్రహమూ అదే. అందుకే రాత్రిపూట ఏదో ఒకటి నమిలేవాళ్లను నేను ముందు నిద్ర ఎన్ని గంటలని అడుగుతాను, తర్వాత ఇంట్లో చేతికందే చోట ఏముంటుందని అడుగుతాను. సంకల్పబలం గురించి అడగను.

అపోహ: "నాకు ఆరు గంటల నిద్రే అలవాటు. సరిపోతుంది."

వాస్తవం: పెద్దలకు రాత్రికి కనీసం ఏడు గంటలు కావాలన్నది నిద్రవైద్య నిపుణుల ఉమ్మడి మాట. నాలుగైదు గంటలతోనే నిజంగా హుషారుగా ఉండేవాళ్లు పుట్టుకతో అలా ఉంటారు, వాళ్లు చాలా అరుదు. మిగతావాళ్లకు అలవాటయ్యేది నిద్ర తక్కువ కావడం కాదు, మత్తుగా ఉండడం. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కొందరిని 14 రోజులపాటు రాత్రికి 4, 6, 8 గంటల చొప్పున పడుకోబెట్టి ఏకాగ్రత కొలిచారు. ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్ల పనితీరు రోజురోజుకీ దిగజారి, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు కన్ను మూయనివాళ్ల స్థాయికి చేరింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే సంగతి. కొన్ని రోజులయ్యాక వాళ్లకు నిద్రమత్తు పెరుగుతున్నట్టు అనిపించడం ఆగిపోయింది. పనితీరు మాత్రం తగ్గుతూనే పోయింది. "నాకేం ఇబ్బంది లేదు" అని తమను తాము చూసుకుని చెప్పే మాటను నేను సాక్ష్యంగా తీసుకోలేకపోవడానికి కారణం ఇదే. అలారం లేకపోతే మెలకువ రాదా? బండిలో కూర్చోగానే కునికిపాట్లు పడతారా? నేను వీటిని నమ్ముతాను.

అపోహ: "వారమంతా తగ్గిన నిద్ర సెలవు రోజున పడుకుని తీర్చేసుకుంటా."

వాస్తవం: కొంత బడలిక తీరుతుంది, నిజమే. కానీ మెదడు లోపల, కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, జీవగడియారం ఒకటి ఉంది. నిద్ర ఎప్పుడు, ఆకలి ఎప్పుడు, ఒంటి వేడి ఎప్పుడు తగ్గాలి అన్నవి అది నిర్ణయిస్తుంది. కణాల లోపల అలాంటి గడియారం ఎలా నడుస్తుందో పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారం ఎంత మొండిదో చెప్పే పాత సంగతి ఒకటుంది. 1938లో నథానియెల్ క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యుడు కలిసి అమెరికాలోని మామత్ గుహలో వెలుతురు చొరబడని చోట 32 రోజులు ఉండి, రోజును 28 గంటలుగా మార్చుకోవాలని చూశారు. శిష్యుడు సర్దుకున్నాడు. క్లైట్‌మన్ శరీరం మాత్రం 24 గంటల లెక్కను వదల్లేదు.

మనిషి జీవగడియారం సగటున 24 గంటల 11 నిమిషాల చొప్పున తిరుగుతుందని హార్వర్డ్ పరిశోధకులు 1999లో కొలిచి చెప్పారు. ఆ కాస్త తేడాను రోజూ సరిదిద్దేది ముఖ్యంగా పొద్దుటి వెలుతురే. సెలవు రోజున మూడు గంటలు ఆలస్యంగా లేస్తే ఆ వెలుతురూ మూడు గంటలు ఆలస్యంగా అందుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు దూరదేశం నుంచి విమానం దిగినవాళ్లలా పనికి పోవాలి. పడుకునే వేళ మన చేతిలో పూర్తిగా ఉండదు, లేచే వేళ ఉంటుంది. అందుకే ఎవరికైనా నేను ముందుగా చెప్పేది లేచే వేళ ఒక్కటే ఖాయం చేసుకోమని. సెలవైనా గంటకు మించి తేడా వద్దు. లేచిన వెంటనే కాసేపు ఆరుబయట తిరగండి. నిద్ర బాకీ ఉంటే రాత్రి ముందుగా పడుకోండి, లేదా మధ్యాహ్నం మూడు లోపు ఇరవై నిమిషాలు కునుకు తీయండి.

అపోహ: "నిద్ర పట్టట్లేదంటే ఇంకా ముందే పడక ఎక్కాలి."

వాస్తవం: ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. ఈ ఒక్క మాట నమ్మి ఏళ్ల తరబడి బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అదే రాత్రికి నిద్ర ఒత్తిడి అవుతుంది. అది సరిపడా పేరుకోకముందే పడుకుంటే ఎంత దొర్లినా నిద్ర రాదు. ఒకాయన రాత్రి తొమ్మిదికి పడుకుని ఆరింటికి లేచేవారు. తొమ్మిది గంటలు మంచం మీదే ఉన్నా పట్టేది అయిదున్నర గంటలు. మిగిలిన మూడున్నర గంటలూ చీకట్లో లెక్కలు వేసుకోవడమే: "ఇప్పుడు పట్టినా నాలుగు గంటలే మిగిలాయి, రేపెలా?" ఇలా నెలలు గడిస్తే మంచాన్ని చూడగానే మెదడు పోట్లాటకు సిద్ధమవుతుంది. సోఫాలో కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి, పక్క మీదికి వెళ్లగానే మెలకువ వచ్చేస్తుంది. ఇది విని "నాకూ అంతే" అనుకున్నవాళ్లు దయచేసి తర్వాతి పేరా చదవండి.

దీనికి వైద్యం ఉంది. 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి ఇప్పటికీ దానికి పునాది. నిద్ర ముంచుకొస్తేనే పడక మీదికి వెళ్లాలి. ఇరవై నిమిషాలు గడిచాయనిపించినా పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి, మళ్లీ కళ్లు బరువెక్కాకే రావాలి. గడియారం వైపు చూడకూడదు. దానికి తోడు, పడక మీద గడిపే సమయాన్ని నిజంగా పడుతున్న నిద్రకు దగ్గరగా కుదించి, నిద్ర చిక్కబడ్డాక మెల్లగా పెంచుతాం. ఇందాక చెప్పిన తొమ్మిదింటికి పడుకునే ఆయన్ని రాత్రి పన్నెండుకు పడుకుని ఆరింటికి లేవమన్నాను. మొదటి వారం చాలా కష్టపడ్డారు. మూడో వారానికి పడుకున్న పావుగంటలో నిద్ర పట్టేది, అప్పుడు పడుకునే వేళను పదిహేనేసి నిమిషాలు ముందుకు జరుపుతూ వచ్చాం. దీన్ని నిద్రలేమికి చేసే ప్రవర్తన చికిత్స అంటారు. దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రలకన్నా ముందు దీన్నే ఇవ్వాలని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ అనే వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలికమే. మూర్ఛ, బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లు, దూరప్రయాణాలు బండి నడిపేవాళ్లు ఈ కుదింపును సొంతంగా చేయవద్దు. ఇప్పటికే నిద్రమాత్రలు వాడుతున్నవాళ్లు ఇది చదివి ఒక్కసారిగా మానేయవద్దు. వాటిని డాక్టర్ చూస్తుండగా కొంచెం కొంచెంగా తగ్గించాలి.

అపోహ: "గురక పెడుతున్నాడంటే గాఢనిద్రలో ఉన్నట్టే."

వాస్తవం: గురక అంటే గాలి ఇరుకు దారిలో వెళ్తోందని అర్థం. గురక మధ్యలో నిశ్శబ్దం, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరై పెద్ద శ్వాస తీసుకోవడం కనిపిస్తే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. ఆ జబ్బులో పది సెకన్లు, అంతకు మించి శ్వాస ఆగడమో బాగా తగ్గడమో గంటకు అయిదుసార్లయినా జరుగుతుంది. తీవ్రంగా ఉన్నవాళ్లలో ముప్పై దాటుతుంది. ప్రతిసారీ మెదడు కాస్త మేల్కొంటుంది, మనిషికి గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున తలనొప్పి, పగలంతా మత్తు, మందులకు లొంగని బీపీ. ఆడవాళ్లలో గురక కన్నా అలసట, దిగులు, మెలకువలు ముందు కనబడవచ్చు, అందుకే వాళ్లలో దీన్ని తరచూ గుర్తించలేకపోతున్నాం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. 1981లో కాలిన్ సలివన్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు ముక్కు ద్వారా గాలి ఒత్తిడినిచ్చే సీప్యాప్ పద్ధతిని ప్రకటించారు. సరిగ్గా వాడితే కొందరికి మొదటి వారంలోనే తేడా తెలుస్తుంది. బండి నడుపుతూ ఒక్కసారి కునుకు పట్టినా వాయిదా వేయకండి.

అపోహ: "కాఫీ తాగి పడుకున్నా నాకు నిద్ర పడుతుంది", "ఒక పెగ్గు వేస్తే హాయిగా పడుతుంది."

వాస్తవం: పట్టడం వేరు, నిలవడం వేరు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు కావాలి. పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో తేలింది. మద్యం తొందరగా మత్తు ఇస్తుంది, తెల్లవారుజామున నిద్రను ముక్కలు చేస్తుంది, గొంతు కండరాలను సడలించి గురకను పెంచుతుంది.

అపోహ: "వయసు మళ్లినవాళ్లకు నాలుగు గంటలు చాలు."

వాస్తవం: అవసరం పెద్దగా తగ్గదు, ఏకబిగిన నిద్రపోయే శక్తి తగ్గుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు రాత్రంతా మెలకువగా ఉంటుంటే వయసు అని వదిలేయకుండా నొప్పులు, రాత్రి మూత్రం, వాడే మందులు, దిగులు చూపించండి.

ఇక అంకెల అపోహలు. రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లన్న లెక్కకు మూలం 1945 నాటి ఒక అమెరికా సిఫారసు అంటారు. అందులో పెద్దలకు రెండున్నర లీటర్లని ఉంది, దాన్లో ఎక్కువ భాగం తిండిలోనే ఉందన్న పక్క వాక్యాన్ని జనం వదిలేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దాహమే మంచి కొలత. పదివేల అడుగులన్నది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరులోంచి వచ్చింది. 2019లో సగటున 72 ఏళ్లున్న మహిళల మీద చేసిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లలోనే మరణాలు, 2,700 వేసేవాళ్లకన్నా బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు కుదురుతుందన్నది 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన రోగుల్ని గమనించి రాసిన మాట. లండన్‌లో 2010లో కొలిస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 పట్టొచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడలేదు. ఇరవై రెండో రోజున "నా వల్ల కాలేదు" అని వదిలేసినవాళ్లకు ఈ మాట ముందే తెలిసుంటే ఎంత బాగుండేది!

నా దగ్గరికైనా, మీకు దగ్గర్లో ఉన్న డాక్టర్ దగ్గరికైనా వెళ్లేముందు రెండు వారాలు ఒక కాగితం మీద రాయండి: పడక ఎక్కిన వేళ, నిద్ర పట్టిన వేళ సుమారుగా, రాత్రి మెలకువలు, పొద్దున లేచిన వేళ, పగటి కునుకు, చివరి కాఫీ, చివరి భోజనం, ఆ రోజు ఒంట్లో ఓపిక ఎంత అన్నది పదికి ఒక అంకె. రాత్రిపూట లేచి రాయొద్దు, పొద్దున గుర్తున్నంత చాలు. పక్కన పడుకునేవాళ్లుంటే గురక గురించి వాళ్లనడిగి ఒక వరుస రాయించండి. వాడుతున్న మందుల చీటీ దానికి జత చేయండి. దిగులు రెండు వారాలు దాటి ఉంటే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ కాగితం పూర్తయ్యేదాకా ఆగకుండా ఇవాళే వెళ్లండి.