పాత బార్బెక్యూ గ్రిల్లుకు గ్యాస్ పైపులు మార్చడం: అపోహలు – వాస్తవాలు

భీమవరం, పాలకొల్లు, అమలాపురం పరిసరాల్లో బార్బెక్యూ గ్రిల్లు ఉన్న ఇళ్లలో చాలామంది దాన్ని సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడు కొట్టులోంచి తీసి, రొయ్యలో కొరమీనో కాల్చుకుని, మళ్లీ లోపల పెట్టేస్తారు. గ్యాస్ పొయ్యిలు, గ్రిల్లులు బాగుచేసే పనిలో నాకు తరచుగా కనిపించే దృశ్యం ఒకటే: మెరిసిపోయే కొత్త పైపు, దాని రెండు చివర్లా తుప్పు పట్టిన పాత సామాను. గ్యాస్ కారేది ఎక్కువగా ఆ చివర్ల దగ్గరే.

అపోహ: పైపు చూడటానికి బాగానే ఉంది, ఇప్పుడే మార్చనక్కర్లేదు.

నారింజ రంగు సురక్ష పైపును ఐదేళ్లకోసారి మార్చాలి. ఏడాదికి ఒక్కసారే వాడినా ఆ గడువు పెరగదు, ఎందుకంటే రబ్బరు వాడకంతోనే కాకుండా వయసుతోనూ గట్టిపడుతుంది. తయారీ సంవత్సరం సాధారణంగా పైపు మీదే ముద్రించి ఉంటుంది. పైపు ఎక్కే లోహపు ముక్కుకు, అంటే నాజిల్‌కు, రెండంగుళాల దూరంలో పైపును బొటనవేలితో మెల్లగా వంచి చూడండి. మామూలుగా కనబడని సన్నని గీతలు అక్కడ నోరు తెరుస్తాయి. కోతలయ్యాక పొలాల్లోంచి ఇళ్ల వైపు వచ్చే ఎలుకల సంగతి మనకు తెలిసిందే కాబట్టి, లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న పైపునే కొనాలి. పైపు మాసిపోకుండా గుడ్డ తొడుగు వేయడం మాత్రం మంచిది కాదు, పగుళ్లు దాని కింద దాక్కుంటాయి.

అపోహ: ఏ రబ్బరు పైపైనా సరిపోతుంది.

సరిపోదు. రొయ్యల చెరువుల దగ్గర గాలి గొట్టాలుగా వాడే పారదర్శక పైపును గ్రిల్లుకు బిగించిన వాళ్లను చూశాను. ఎల్‌పీజీ ఆ ప్లాస్టిక్‌కు మెత్తదనమిచ్చే పదార్థాన్ని లాగేస్తుంది, దాంతో పైపు గట్టిపడి చివరికి విరుగుతుంది.

అపోహ: మరలున్న ప్రతి జాయింటుకూ టెఫ్లాన్ టేపు చుడితే గ్యాస్ కారదు.

నేను ఎక్కువగా సరిదిద్దవలసి వచ్చే పొరపాటు ఇదే. కొస సన్నబడుతూ పోయే మరలకు గ్యాస్‌కు పనికివచ్చే టేపు గానీ పూత గానీ అవసరమే, ఎందుకంటే అక్కడ గ్యాస్‌ను ఆపవలసింది ఆ మరలే. గరాటులా విచ్చుకున్న కొస మీద ఇత్తడికి ఇత్తడి ఒత్తుకుని నిలిచే ఫ్లేర్ జాయింటు సంగతి వేరు: అక్కడ మర పని దగ్గరకు లాగి పట్టడం మాత్రమే, గ్యాస్‌ను ఆపేది ఆ నున్నటి వాలు తలం. దానికి టేపు చుడితే జాయింటు పూర్తిగా కూర్చోక, ఎంత బిగించినా సన్నగా కారుతూనే ఉంటుంది. ఆ వాలు మీద గోటికి తగిలే గీత ఉంటే టేపుతో కాలక్షేపం చేయకుండా ఫిట్టింగునే మార్చాలి.

పైపు నాజిల్ మీదికి ఎక్కడం లేదని కోనసీమలో కొబ్బరినూనె రాయడం అలవాటు. నూనె కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, పైగా పట్టు జారుతుంది. కాస్త సబ్బునీరు చాలు. నాజిల్ మీద పైపును పట్టి ఉంచే క్లిప్పు విషయంలో సముద్రపు గాలి తగిలే నరసాపురం, అంతర్వేది వైపు వారు స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పే వాడాలి. అతిగా బిగిస్తే అదే పైపును కోసేస్తుంది.

అపోహ: మంట నీరసంగా ఉంటే పెద్ద ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టాలి.

మన ఇళ్ల రెగ్యులేటర్ చదరపు సెంటీమీటరుకు సుమారు 30 గ్రాముల ఒత్తిడితో గ్యాస్ వదులుతుంది. అమెరికా నుంచి తెచ్చుకున్న ప్రొపేన్ గ్రిల్లులు కూడా దాదాపు అంతే ఒత్తిడికి, అంటే 11 అంగుళాల ఎత్తున్న నీరు కలిగించే ఒత్తిడికి, తయారైనవి. అయితే వాటి పైపుకు సొంత రెగ్యులేటర్ ఉంటుంది, దాని నట్టు మన సిలిండర్‌కు పట్టదు. ఎవరో అడాప్టర్ తగిలించి రెండు రెగ్యులేటర్లను వరుసగా కలుపుతారు, మంట తగ్గుతుంది, అప్పుడు హోటల్ బట్టీలకు వాడే హైప్రెషర్ రెగ్యులేటర్ తెచ్చి పెడతారు. అలా పెడితే గ్రిల్లు వాల్వులు తట్టుకోలేవు. చేయవలసింది పాత పైపునూ దాని రెగ్యులేటర్‌నూ కలిపి తీసేసి, మన రెగ్యులేటర్ నుంచి ఒకే పైపు వేయడం. ఆ పైపు 1.5 మీటర్లు మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, నూనె కారే ట్రే కిందుగా పోకూడదు.

మంట నీరసించడానికి మరో కారణం బర్నర్ గొట్టంలో సాలెగూడు, లేదా కందిరీగ కట్టిన మట్టిగూడు. గాలి దారి మూసుకుపోతే మంట వెనక్కి తిరిగి, వాల్వు దగ్గరే మండవచ్చు. సన్నని బ్రష్షుతో గొట్టాన్ని శుభ్రం చేశాకే పైపు బిగించండి.

అపోహ: కారితే వాసన వస్తుంది, లేదంటే అగ్గిపుల్లతో తెలుస్తుంది.

ఎల్‌పీజీకి స్వతహాగా వాసన లేదు, మనకు తెలిసేది అందులో కలిపే మెర్‌కాప్టాన్ కంపు. మసాలా పట్టించిన చేప కాలుతున్న చోట అది ముక్కుకు అందకపోవచ్చు. గాలి కంటే బరువైనది కాబట్టి గ్యాస్ పైకి పోకుండా మెట్ల కింద, మురుగు కాలువల్లో చేరుతుంది. అగ్గిపుల్ల పరీక్ష వద్దే వద్దు. బర్నర్ నాబులు మూసి, సిలిండర్ తెరిచి, ప్రతి జాయింటుకూ సబ్బునీరు రాసి కాసేపు చూడాలి. బుడగ పెరిగితే సిలిండర్ కట్టేసి, ఆ జాయింటును విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి. పరీక్షయ్యాక మంచినీటితో కడిగేయాలి. అమ్మోనియా కలిసిన క్లీనర్లు ఇత్తడిని చిట్లేలా చేస్తాయి కనుక వాడకూడదు. కారడం ఆగకపోతే ఎల్‌పీజీ అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి.

తీసేసిన పాత పైపును అడుగు ముక్కలుగా కోసి పారేయండి. అలాగే కొట్టులో వదిలేస్తే, వచ్చే పండక్కి ఎవరో ఒకరు దాన్నే వెతికి పట్టుకుని బిగిస్తారు.