ఐర్లండ్ కరువు కథలు: అపోహలు - వాస్తవాలు

1840ల నాటి ఐర్లండ్ కరువు గురించి ఊళ్లల్లో ముసలివాళ్లు చెప్పుకున్న ముచ్చట్లు పోగేసి, పాత కాగితాలతో పోల్చి చూడడం నా పని. ఐర్లండ్ పడమటి తీరంలోని మాయో కౌంటీ కథలంటే కాస్త మక్కువ ఎక్కువ.

అపోహ: అంకె తప్పయితే కథంతా కట్టుకథే.

వాస్తవం: మాయోలోని డూలోక్ లోయ సంగతి చూడండి. 1849 మార్చి చివర్లో లూయిస్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో తిండి సాయం కోసం వచ్చిన పేదలను, సాయానికి అర్హులో కాదో తేల్చే తనిఖీకి మర్నాడు పొద్దున్నే డెల్ఫీ లాడ్జ్ అనే వేట బంగళా దగ్గరికి రమ్మన్నారు. సుమారు 19 కిలోమీటర్లు. కొండదారి, చలి, ఖాళీ కడుపు. తీరా వెళ్తే ఉత్త చేతులతో తిప్పి పంపారు. ఆ ఏప్రిల్‌లో ఒక పత్రికకు వచ్చిన ఉత్తరంలో దారి పక్కన ఏడు శవాలు దొరికాయనీ, మరో తొమ్మిది మంది ఇల్లు చేరలేదనీ ఉంది. ఊరివాళ్ల లెక్క వందల్లో ఉంటుంది. నోట్లో గడ్డితో పడి ఉన్నారనీ చెబుతారు. లెక్క పెరిగింది, ఒప్పుకుంటాను. అయితే ఆకలితో ఉన్నవాళ్లను అంత దూరం నడిపించారన్న సంగతి ఉత్తరంలోనూ ఉంది, ఊరి నోటా ఉంది.

అపోహ: ‘మా ఊళ్లో అంత లేదు, పక్క ఊళ్లోనే’ అన్నారంటే అక్కడ చావులు లేవు.

వాస్తవం: పక్క ఊరికి వెళ్తే వాళ్లూ ఇదే మాట అంటారు! తాత గంజి కోసం వరుసలో నిలబడ్డాడని ఎవరు చెప్పుకుంటారు? చచ్చినవాళ్ల పొలం తర్వాత ఎవరి చేతికొచ్చిందన్న ప్రశ్నా ఉంటుంది మరి.

అపోహ: ఇవన్నీ కళ్లారా చూసినవాళ్లు చెప్పినవి.

వాస్తవం: కావు. 1937-39లో సుమారు 5,000 బడుల పిల్లలు ఇంటి పెద్దలను అడిగి రాసినవి చాలా. ఆ పెద్దల్లో ఎక్కువమంది కరువు దాటి బతికినవాళ్ల పిల్లలు, మనవలు.

అపోహ: ఆలుగడ్డ తెగులే అందరినీ చంపింది.

వాస్తవం: 1845లో అదే తెగులు బెల్జియం, నెదర్లాండ్స్‌లోనూ పడింది. అయినా చావులు ఐర్లండ్‌లో ఎక్కువ. సుమారు 10 లక్షల మంది పోయారు. పావు ఎకరం మించి భూమి సాగుచేసుకునేవాడు దాన్ని వదులుకుంటేనే సాయం అని 1847లో చట్టం తెచ్చారు. కథల్లో తెగులు కంటే, భూమి పోయినవాళ్ల ఇళ్లు కూల్చిన భూస్వాముల ఏజెంట్లు ఎక్కువగా కనబడేది అందుకే.

అపోహ: ‘ఆకలి గడ్డి’ మూఢనమ్మకం, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

వాస్తవం: ఐరిష్‌లో ఫేర్ గోర్తాక్. దాని మీద కాలు పడితే ఉన్నట్టుండి కళ్లు తిరిగి, ఆకలితో కూలిపోతారట. కరువులో మనిషి పడి చచ్చిన చోట మొలుస్తుందని కొన్ని ఊళ్లలో అంటారు. గుంత కూడా తవ్వని చావులకు వేరే గుర్తేముంది? అలాంటి చోటు దాటాల్సి వస్తే జేబులో ఓట్స్ రొట్టె ముక్క వేసుకుని బయల్దేరేవారు.